హంబకర్ కొనే ముందు



ఎలక్ట్రిక్ గిటార్‌కు పికప్ మార్చుకోవడం గురించి ఈ పూట మాట్లాడబోతున్నాను. అందులోనూ హంబకర్ గురించి. పక్కపక్కన రెండు తీగచుట్టలు ఉండే పికప్‌ను హంబకర్ అంటారు. గిటార్‌తో పాటు వచ్చిన హంబకర్ మోత నచ్చక, దాన్ని తీసేసి కొత్తది పెట్టించుకోవాలనుకునే వాళ్లకోసం ఈ ప్రసంగం.

ఇది హైదరాబాద్ స్టూడియోల్లో వాయించేవాళ్ల ముచ్చట అని రేడియో కట్టేయకండి. కాసిపేట, సోమగూడెం, దేవాపూర్, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్, గోదావరి దాటితే గోదావరిఖని. ఈ బొగ్గు బాయిల వెంట ఉన్న కాలనీల్లో ఆదివారం పొద్దున నడిచి చూడండి, ఏదో ఒక చర్చిలోంచి ఎలక్ట్రిక్ గిటార్ వినపడుతుంది. డిసెంబర్ 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం. మళ్లీ రెండు రోజులకే క్రిస్మస్. ఆ వారమంతా మా దగ్గర గిటార్ వాయించే పిల్లలకు తీరిక ఉండదు. నేను బాయిలో ఎలక్ట్రీషియన్‌ని, ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తాను. కరెంటూ తెలుసు, గిటారూ తెలుసు అని వాళ్లు నా దగ్గరికి వస్తారు. "అన్నా, పికప్ మారిస్తే గీ గుయ్యిమనే సప్పుడు పోతదా?" అని ఒకరు. "పెద్ద పేరున్న పికప్ ఏస్తే మన గిటార్ గూడ గట్లనే మోగుతదా అన్నా?" అని ఇంకొకరు.

మొదటి ప్రశ్నకు నా జవాబు: చాలాసార్లు పోదు. రెండోదానికి: నీకు ఏ మోత కావాలో, ఇప్పుడున్నదాంట్లో ఏది తక్కువైందో నోటితో చెప్పగలిగితే పికప్ కొను. చెప్పలేకపోతే ఇంకా కొనే సమయం రాలేదు. ఈ రెండు జవాబుల వెనక ఉన్న సంగతులు వివరంగా చెబుతాను.

గిటార్ తీగ ఉక్కుది. దాని కింద పికప్‌లో అయస్కాంతం ఉంటుంది. ఆ అయస్కాంతాన్ని ఆనుకుని సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. తీగను మీటితే ఆ కదలికకు అయస్కాంత క్షేత్రం కదిలి, రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే. జనరేటర్ తిరిగేదీ దీనిమీదే. పికప్‌లో పుట్టేది వోల్టులో పదోవంతు, కాస్త అటూ ఇటూ. దాన్ని ఆంప్లిఫయర్ వందల రెట్లు పెంచి స్పీకర్‌కు పంపుతుంది.

అయితే ఆ చుట్టకు గిటార్ తీగ ఏది, ఇంటి కరెంటు ఏది అన్న తేడా తెలియదు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలతో నడుస్తుంది. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్, గోడలోని వైరు, పాత ట్యూబులైట్ చోక్, ఆంప్లిఫయర్ లోపలే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ తమ చుట్టూ ఆ 50 ఆవృత్తాల అయస్కాంత క్షేత్రాన్ని వెదజల్లుతూనే ఉంటాయి. ఒకే చుట్ట ఉన్న పికప్, అంటే సింగిల్ కాయిల్, దాన్ని కూడా పట్టుకుని పాటతో పాటు స్పీకర్‌కు పంపుతుంది. అదే హమ్.

దీనికి మందుగా ఇవాళ్టి హంబకర్‌ను తయారుచేసినవాడు సెత్ లవర్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్లో అప్పట్లో ఉన్న గిబ్సన్ కంపెనీ ఇంజినీరు. రేడియోలు బాగుచేస్తూ పైకొచ్చిన మనిషి. ఆంప్లిఫయర్ లోపల హమ్‌ను కొట్టేయడానికి రెండు చుట్టలున్న చోక్ వాడే పద్ధతి ఆయనకు తెలుసు. అదే పని పికప్‌లో ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టాడు. ఒకదాని కింద అయస్కాంతం ఉత్తర ధ్రువం పైకి వచ్చేట్టు, రెండోదాని కింద దక్షిణ ధ్రువం పైకి వచ్చేట్టు అమర్చాడు. ఆ రెండు చుట్టలనూ ఒకదానికొకటి ఎదురు దిశలో కలిపాడు. బయటినుంచి వచ్చే హమ్ రెండింటిలోకీ సమానంగానే వస్తుంది, ఎదురెదురుగా కలిపారు గనక అక్కడికక్కడే కొట్టుకుపోతుంది. గిటార్ తీగ నుంచి వచ్చేది మాత్రం ధ్రువం మారినందువల్ల ఒకసారి, కలిపిన దిశ మారినందువల్ల ఇంకోసారి, మొత్తం రెండుసార్లు తిరగబడి మళ్లీ ఒకే వైపుకు వచ్చి కూడుకుంటుంది. ఇంత చిన్న ఉపాయం. 1955 జూన్ 22న పేటెంట్‌కు దరఖాస్తు చేశారు, 1959 జూలై 28న పేటెంట్ వచ్చింది. ఈలోగా 1957 నుంచే గిటార్లలో పెట్టి అమ్మారు. పేటెంట్‌కు దరఖాస్తు చేశామని తెలిపే, 'పేటెంట్ అప్లయిడ్ ఫర్' అన్న చిన్న నల్ల స్టిక్కరు అడుగున అంటించేవారు. ఆ స్టిక్కరు మాటల తొలి అక్షరాలను బట్టి ఆ పికప్‌లను ఈరోజుకీ పీఏఎఫ్ అంటారు. ఇవాళ మీరు కొనే హంబకర్ ఏ కంపెనీదైనా, దాన్ని ఈ పీఏఎఫ్‌తో పోల్చే చెబుతారు. దానికంటే ఎంత గట్టిది, ఎంత మెత్తనిది అని.

ఆ పీఏఎఫ్‌లు కూడా అన్నీ ఒక్కలా లేవన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. చుట్టే మిషన్ల మీద చుట్ల లెక్క కచ్చితంగా ఉండేది కాదు. ఒక్కో చుట్టకు సుమారు 5,000 చుట్లు అనుకున్నారు గాని, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చాయి. మీటర్ పెట్టి చూస్తే ఒకటి 7,000 ఓంలు, ఇంకొకటి 9,000 ఓంలు చూపిస్తుంది. అందుకే ఫలానా సంవత్సరపు అసలు మోత ఇదే అని ఎవరైనా ఒక్క పికప్‌ను చూపించి అమ్మితే, ఆ మాటకు అంత విలువ ఇవ్వనక్కరలేదు.

ఇప్పుడు మన క్వార్టర్‌కు వద్దాం. హంబకర్ ఉన్న గిటారే, అయినా గుయ్యిమంటోంది. హంబకర్ అయస్కాంత క్షేత్రం ద్వారా వచ్చే హమ్‌ను కొట్టేస్తుంది. ఎర్తింగ్ లేని ప్లగ్గు నుంచి వచ్చే మోతను అది ఆపలేదు. మూడో పిన్ను ఊరికే ఉండి వెనకాల ఎర్త్ వైరే లేని బోర్డులు పాత ఇళ్లల్లో ఎన్నో చూశాను. ఒక్కో పరికరాన్ని ఒక్కో గదిలోని ప్లగ్గుకు పెట్టి, రెండు ఎర్తుల మధ్య తేడా వచ్చి మోగే హమ్‌ను కూడా పికప్ ఆపలేదు. పరీక్ష చిన్నదే. గిటార్ మీద వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. హమ్ అలాగే ఉంటే తప్పు గిటార్‌లో లేదు, ఆంప్లిఫయర్‌లోనో కరెంటులోనో ఉంది. వాల్యూమ్ తగ్గిస్తే హమ్ పోయి, పెంచితే వస్తే, అప్పుడు తీగల మీద చెయ్యి వేయండి. చెయ్యి వేయగానే తగ్గితే గిటార్ లోపలి ఎర్త్ సరిగ్గానే ఉందని అర్థం. పికప్ గది లోపల రాగి రేకు అంటించి ఆ రేకును ఎర్త్‌కు కలిపితే హమ్ ఇంకా తగ్గుతుంది. చెయ్యి వేస్తే హమ్ పెరిగినా, చేతికి చిన్న జివ్వు తగిలినా, అక్కడితో వాయించడం ఆపండి.

ఈ చివరి మాట ఎలక్ట్రీషియన్‌గా గట్టిగా చెబుతున్నాను. గిటార్ తీగలు ఆంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎదుటి మైక్ ఇంకో పరికరం ఎర్త్‌కు కలిసి ఉంటుంది. వాటిలో ఒకదానికి ఎర్త్ పోయి కరెంటు లీక్ అయితే, చెయ్యి తీగల మీద, పెదవి మైక్ మీద ఉన్న మనిషి గుండా అది పోతుంది. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో, లెస్లీ హార్వీ అనే గిటారిస్టు స్టేజీ మీదే, ఎర్త్ సరిగా లేని మైక్ పట్టుకుని చనిపోయాడు. పికప్‌కు పెట్టే డబ్బులో కొంచెం ముందు ఎర్త్ వైరుకు, 30 మిల్లీ యాంపియర్ల లీకేజీ బ్రేకర్‌కు పెట్టండి. చర్చి పెద్దలు, స్టేజీ ఏర్పాటు చేసేవాళ్లు కూడా ఈ మాట వినాలి.

హమ్ సంగతి తేలింది. ఇక మోత సంగతి. కొత్త పికప్ కొనే ముందు ఉన్నదాన్ని సరిగ్గా పెట్టి విన్నారా? చివరి మెట్టు దగ్గర తీగను నొక్కిపట్టి, పికప్‌కూ తీగకూ మధ్య ఎంత ఎడం ఉందో స్కేలుతో చూడండి. బ్రిడ్జ్ వైపు పికప్‌కు సుమారు 2 మిల్లీమీటర్లు, మెడ వైపుదానికి అంతకంటే కొంచెం ఎక్కువ ఉంచి మొదలుపెట్టండి. మెడ దగ్గర తీగ పెద్దగా ఊగుతుంది, బ్రిడ్జ్ దగ్గర చిన్నగా ఊగుతుంది. అందుకే మెడ వైపు పికప్ ఎప్పుడూ కాస్త కిందికే ఉండాలి. అది పైకి ఉంటే మోత బురదబురదగా వస్తుంది. కొత్త పికప్ కావాలని వచ్చినవాళ్లలో కొందరికి ఈ స్క్రూలు తిప్పడంతోనే పని అయిపోయింది. నెలల తరబడి మార్చని తీగలు, మన ఎండకూ చెమటకూ నల్లబడి చచ్చినట్టు మోగుతాయి. వాటి తప్పును పికప్ మీద వేయకూడదు.

ఇంకో చిన్న విషయం, మా వైపు దీన్ని దగ్గరగా చూస్తుంటాను. పికప్ పైన వరసగా కనిపించే ఇనుప స్క్రూల తలలను టార్చి వేసి చూడండి. చుట్టూ ముళ్లలా నిలబడ్డ సన్నని నల్లటి పొడి కనిపిస్తే అది బొగ్గు పొడి అనుకుంటారు. బొగ్గు అయస్కాంతానికి అంటదు. అది ఇనుప రజను. గ్రైండింగ్ పని చేసే చోటునుంచో, మెట్లు పాలిష్ చేసిన స్టీల్ పీచునుంచో వస్తుంది. అది లోపలికి జారి వెంట్రుకంత సన్నని రాగి తీగను గీరితే పికప్ చచ్చిపోతుంది. జిగురు టేపు ముక్కతో మెల్లగా అద్ది తీయాలి. ఊదకూడదు. దుమ్ము పడి బరబరమనే వాల్యూమ్ నాబ్‌కు కాంటాక్ట్ క్లీనర్ చాలు.

ఇవన్నీ చేశాక కూడా మోత నచ్చలేదంటే, సరే, కొందాం.

కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది ఎన్ని ఓంలు అని. ఎక్కువ ఓంలుంటే ఎక్కువ గట్టిగా మోగుతుందని నమ్మకం. ఈ నమ్మకం సగమే నిజం. మామూలు పీఏఎఫ్ రకానికి అమెరికన్ గేజి 42 తీగ వాడతారు. మందం 0.063 మిల్లీమీటర్లు. మన రివైండింగ్ షాపుల్లో వాడే లెక్కలో చెప్పాలంటే 46 గేజికి దగ్గర. 8,000 ఓంల పికప్‌లో ఈ తీగ పొడవు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు ఉంటుంది. అదే చుట్టలో అమెరికన్ గేజి 44 తీగ వాడితే, అది ఇంకా సన్నది, మీటరుకు నిరోధం ఎక్కువ. ఓంలు పెరుగుతాయి, శక్తి అంత పెరగదు. సీమర్ డంకన్ కంపెనీవాళ్ల ఫిఫ్టీనైన్ అనే పికప్ బ్రిడ్జ్‌కు సుమారు 8,100 ఓంలు, వాళ్లదే జేబీ అనేది సుమారు 16,400. రెట్టింపు ఓంలు గాని రెట్టింపు మోత కాదు. 1972లో వచ్చిన డిమార్జియో సూపర్ డిస్టార్షన్ సుమారు 13,700 ఓంలే, అయినా సిరామిక్ అయస్కాంతం ఉండటంతో గట్టిదనంలో జేబీకి ఏమాత్రం తీసిపోదు. విడిగా పికప్ కొని పాత గిటార్‌కు వేసుకునే అలవాటు ప్రపంచానికి నేర్పింది కూడా ఆ సూపర్ డిస్టార్షనే.

ఓంల గురించి మన ఎండలకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం. 20 డిగ్రీల దగ్గర 8,000 ఓంలు చూపించే పికప్, మా మంచిర్యాల జిల్లాలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల వేడిలో దాదాపు 8,800 చూపిస్తుంది. అదే పికప్ జనవరి తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో సుమారు 7,750 చూపిస్తుంది. మనిషి మారలేదు, పికప్ మారలేదు, మీటర్ మారలేదు, వెయ్యికి పైగా ఓంలు మారాయి. వెయ్యి ఓంల తేడా చూపించి ఇది వేరే మోడల్ అని అదనంగా డబ్బు అడిగేవాళ్లున్నారు. ఎండాకాలంలో పాత పికప్ కొంటుంటే ఫ్యాన్ కింద గంటసేపు ఉంచి కొలవండి. బాయిలో పనిచేసే తోటి ఎలక్ట్రీషియన్లకు ఒక విన్నపం. చేతికి అలవాటు కదా అని పికప్‌కు మెగ్గర్ పెట్టకండి. మోటార్ ఇన్సులేషన్ చూసే ఆ వందల వోల్టులను ఈ తీగ మీది పలచని వార్నిష్ తట్టుకోలేదు. మామూలు మల్టీమీటర్ చాలు, 20 కిలో ఓంల స్థానంలో పెట్టండి.

మరి ఓంలు కాకపోతే దేన్ని చూడాలి? అయస్కాంతం ఏదో చూడాలి, చుట్టలో ఎన్ని చుట్లున్నాయో చూడాలి. అల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ ఇనుముతో కలిపిన మిశ్రమం. అల్నికో 2 మెత్తగా లాగుతుంది. మీటు తగిలిన తొలి క్షణంలో గుచ్చుకోదు, పైస్వరాలు గుండ్రంగా వస్తాయి. అల్నికో 5 ఇంకా బలమైనది. కింది స్వరం గట్టిగా, పైస్వరం మెరుస్తూ వస్తుంది. సిరామిక్ అంతకంటే బిగుతుగా, సూటిగా కొడుతుంది. ఎక్కువ చుట్లు చుడితే శక్తి పెరుగుతుంది, కాని పైస్వరాలు తగ్గుతాయి. దీనికి కారణం చుట్ట ఇండక్టెన్స్. మీ గిటార్ కేబుల్‌కు కూడా కొంత కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒక స్వరస్థాయి దగ్గర మోతను పైకి లేపి, దాని పైనున్నవాటిని కోసేస్తాయి. పీఏఎఫ్ రకం చుట్టకు మామూలు కేబుల్ కలిపితే ఆ శిఖరం దాదాపు 3,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. బాగా ఎక్కువ చుట్టిన పికప్‌కు 2,300 దగ్గరికి దిగుతుంది. మాటలోని హల్లుల స్పష్టత, గిటార్‌లో మీటు మొన తెలియడం, ఈ మధ్యలోనే ఉంటాయి. అందుకే గట్టి పికప్‌లు వక్రించిన మోతలో, అంటే డిస్టార్షన్‌లో, బ్రహ్మాండంగా ఉండి, శుభ్రమైన మోతలో మూగబోయినట్టుంటాయి. కేబుల్ చాలా పొడుగైనది వాడినా ఇదే జరుగుతుంది. ముందు చిన్న కేబుల్ పెట్టి విని చూడండి.

మన పాట దగ్గరికి వస్తాను, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. తెలుగువాడి చేతిలో కరెంటు వాద్యం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, 1978లో తొమ్మిదేళ్ల వయసులో గుడివాడలో తొలి కచేరీ చేసి, 2014 సెప్టెంబర్ 19న మనల్ని వదిలిపోయిన మాండొలిన్ శ్రీనివాస్. మాండొలిన్‌కు మామూలుగా జంట తీగలుంటాయి. మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది. గమకం పలకాలంటే స్వరం నిలవాలి, తీగ సాగాలి, వేలు జారాలి. ఆయన ఒంటి తీగలు వేసిన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నాడు. పికప్, ఆంప్లిఫయర్ స్వరాన్ని నిలబెట్టాయి. చిన్న మీటుకు వేలితో స్వరాన్ని ఊపినా అది వినపడింది. త్యాగరాజ కృతి ఆ చిన్న చెక్క మీద పలికింది. గమకం, జారు, మీడియం వాల్యూమ్‌లో ప్రతి మలుపూ వినపడటం, మన సంగీతానికి పికప్ చేయాల్సిన పని ఇది.

చర్చి పాటైనా, సినిమా పాటైనా, స్టేజీ మీద జానపదమైనా, మనవాళ్లు వాయించేదాంట్లో ఎక్కువ భాగం ఇలాంటిదే. గొంతు వెనకాల శుభ్రంగా నడిచే కార్డులు, మధ్యలో చిన్న ముక్క, అక్కడక్కడా జారుతూ పోయే స్వరం. పైగా మన దగ్గర గిటార్ సాధారణంగా పెద్ద వాల్వు ఆంప్లిఫయర్‌లోకి పోదు. చిన్న ప్రాసెసర్ గుండా నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. అక్కడ బాగా గట్టి పికప్ పెడితే ప్రాసెసర్ లోపలికే మోత చీలిపోయి వెళుతుంది. ఎన్ని బటన్లు తిప్పినా బాగుపడదు. అందుకని నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. చర్చిలో, ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లు మెడ వైపుకు 7,000 నుంచి 8,000 ఓంల మధ్య అల్నికో 2 గాని 5 గాని, బ్రిడ్జ్ వైపుకు 8,000 నుంచి 9,000 మధ్య అల్నికో 5 తీసుకోండి. పీఏఎఫ్ రకం అని అడిగితే చాలా కంపెనీలు ఇస్తాయి. మెటల్, హార్డ్ రాక్ వాయించే తమ్ముళ్లు మాత్రం జేబీ, సూపర్ డిస్టార్షన్ వైపు వెళ్లడం సబబే. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్‌లు కూడా ఆ సంగీతానికి బాగుంటాయి, బ్యాటరీ సంగతి గుర్తుపెట్టుకోగలిగితే. ఒక్క పికప్‌కే డబ్బుంటే మీరు ఎక్కువ సేపు ఏ వైపు వాయిస్తారో ఆ వైపుదే మార్చండి. రెండూ మార్చాలన్న నియమం లేదు.

ఇక పట్టకపోవడం అనే ఇబ్బంది. హంబకర్ అంటే హంబకరే, ఏ గిటార్‌కైనా పడుతుంది అనుకుంటారు. ఆరో తీగ కింది స్క్రూ మధ్య నుంచి మొదటి తీగ కింది స్క్రూ మధ్యకు కొలవండి. గిబ్సన్ రకానికి 49, 50 మిల్లీమీటర్ల దగ్గర, బ్రిడ్జ్ వెడల్పున్న గిటార్లకు 52, 53 దగ్గర ఉంటుంది. తప్పు కొలత కొంటే చివరి తీగలు స్క్రూల పక్కనుంచి పోతాయి. చూడటానికి బాగోదు, కొంచెం బలహీనంగానూ మోగవచ్చు. పికప్ కాళ్లు పొడవా పొట్టా అన్నది కూడా చూడాలి. లోపల గుంట లోతు చాలకపోతే చెక్క చెక్కాల్సి వస్తుంది, అది అన్నిచోట్లా అయ్యే పని కాదు.

నాలుగు రంగుల వైర్లున్న పికప్ తీసుకోండి. పైన లోహపు అల్లిక ఉన్న ఒక్క వైరుతో వచ్చేది పాత పద్ధతి. నాలుగు వైర్లుంటే రెండు చుట్టలనూ వరసగా కలపవచ్చు, పక్కపక్కన సమాంతరంగా కలపవచ్చు, ఒక్కదాన్నే వాడవచ్చు. చుట్ట చీల్చి ఒక్కదాన్ని వాడటం ఇప్పుడు ఫ్యాషన్. దాంతో మోత సన్నబడి సింగిల్ కాయిల్‌లా వస్తుంది. హమ్ కూడా తిరిగి వస్తుంది. సబ్‌స్టేషన్ పక్కనా, కరెంటు వైర్ల కిందా ఉండే మన ఇళ్లల్లో నేను సమాంతరంగా కలపడాన్నే ఇష్టపడతాను. మోత సన్నబడి మెరుస్తుంది, హమ్ రాదు.

రంగుల దగ్గర జాగ్రత్త. సీమర్ డంకన్‌లో నలుపు వాల్యూమ్‌కు పోవాలి, ఆకుపచ్చదీ తొడుగులేని వైరూ ఎర్త్‌కు పోవాలి, ఎరుపు తెలుపు కలిపి టేపు చుట్టాలి. డిమార్జియోలో ఎరుపు వాల్యూమ్‌కు, ఆకుపచ్చది ఎర్త్‌కు, నలుపు తెలుపు కలిపి చుట్టాలి. ఒకదాని పటం చూసి ఇంకోదాన్ని కలిపితే మోత రాదు, లేదా తప్పుగా వస్తుంది. వేర్వేరు కంపెనీల పికప్‌లు రెండు పెట్టి, స్విచ్చి మధ్యలో పెట్టినప్పుడు జలుబు చేసిన మనిషి ముక్కుతో మాట్లాడినట్టు సన్నగా వస్తే, ఒకదాని దిశ తిరగబడిందని అర్థం. ఆ పికప్ వాల్యూమ్ వైరునూ ఎర్త్ వైరునూ అటుదిటు మార్చండి, తొడుగులేని వైరు మాత్రం ఎర్త్‌లోనే ఉండాలి. అల్లిక వైరు పికప్‌కు ఈ పని చేయకండి. పైనున్న లోహపు మూత వాల్యూమ్ వైరుకు కలిసిపోయి, తాకితే గుయ్యిమంటుంది. దానికి లోపల అయస్కాంతాన్ని తిప్పి పెట్టించాలి.

వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్, అంటే పొటెన్షియోమీటర్, విలువ కొలవండి. హంబకర్‌కు 500 కిలో ఓంలది సరిపడుతుంది. 250 కిలో ఓంలది ఉంటే పైస్వరాలు దాంట్లోనే పోతాయి. పికప్ మోత మూసుకుపోయినట్టుందని వచ్చిన గిటార్‌లో నేను ముందు చూసేది ఇదే. పాట్ మార్చడానికి పికప్ ఖర్చులో కొంచెం కూడా పట్టదు. 500 అని రాసి ఉన్నా 400 నుంచి 600 మధ్య ఎంతైనా ఉండవచ్చు, అందుకే మీటర్‌తో చూసుకోవాలి. సోల్డర్ పని 60/40 రకం సోల్డర్‌తో, రోజిన్ ఫ్లక్స్‌తోనే చేయండి. ఆసిడ్ ఫ్లక్స్ వాడితే తర్వాత అది జాయింట్లను పచ్చబరచి తినేస్తుంది. పాట్ వీపు మీద వైరు అంటించేటప్పుడు ఐరన్ బాగా వేడెక్కాక త్వరగా పెట్టి తీసేయాలి. చల్లటి ఐరన్‌తో ఎక్కువసేపు రుద్దితేనే పాట్ పాడవుతుంది.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. పికప్ లోపలి చుట్టలు గట్టిగా మోగే స్టేజీ మీద అదిరి కీచుమనకుండా మైనంలో ముంచి తీస్తారు. ఆ మైనం 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో మూసిన కారులో గిటార్ వదిలేయకండి. పికప్ నిజంగానే కాలిపోయినా, తీగ తెగినా, దాన్ని మళ్లీ చుట్టవచ్చు. మన వైపు మోటార్ రివైండింగ్ చేసే చేతులున్నాయి, చుట్ల లెక్క, దిశ, వార్నిష్ అంటే వాళ్లకు తెలియనిది కాదు. వాళ్లకు కావలసింది ఇంత సన్నని తీగ, దాన్ని తెగకుండా లాగే మెత్తని చెయ్యి, నేర్చుకోవాలన్న కోరిక. ఆసక్తి ఉన్న యువకులు ఒక పాత పికప్ విప్పి చూడండి. నేర్చుకున్నవాడికి మన ప్రాంతంలో పని దొరుకుతుంది.

తీసేసిన పాత పికప్‌ను మాత్రం పారేయకండి. వైర్ల రంగులు, ఓంలు, ఏ వైపుదో ఒక కాగితం మీద రాసి దాని చుట్టూ చుట్టి పెట్టండి. కొత్తది ఒక నెల వాయించి, నచ్చకపోతే తిరిగి పాతదే వేయండి, అందులో తప్పేమీ లేదు. నచ్చితే ఆ పాతదాన్ని మీ కాలనీలో చుట్ట తెగిన గిటార్‌తో ఊరికే కూర్చున్న పిల్లవాడికి ఇవ్వండి.